దర్జీ బ్వనాలిది ఏ దేశం

మా బావ బ్వనాలి న్యాసా సరస్సు ఒడ్డున పుట్టిన యావో తెగ మనిషి. పని వెతుక్కుంటూ బెల్జియం వాళ్ళ కాంగోలోని ఎలిజబెత్‌విల్ చేరేటప్పటికి అతని దగ్గర ఒక కత్తెర, ఒక నమాజు టోపీ, ఎవరితోనూ తగువు పెట్టుకోని స్వభావం ఉన్నాయి. కత్తెర అన్నం పెట్టింది. టోపీ పరువు నిలిపింది. ఆ స్వభావాన్ని మాత్రం మా అక్క ముసోండా అతను బతికున్నంత కాలం తిడుతూనే ఉంది.

నా పేరు చోలా, ముసోండా చెల్లెల్ని. మాది బెంబా తెగ కుటుంబం. నాన్న రాగి కొలిమిలో పనిచేసేవాడు. బావ పెళ్ళి మాట అడగడానికి వచ్చినరోజు నాన్న అతన్ని గుమ్మంలోనే నిలబెట్టాడు.

"ఏ ఊరయ్యా నీది?"

"సరస్సు పక్కనండీ. న్యాసాలాండ్."

"అంటే తెల్లవాళ్ళలో కూడా వేరే తెల్లవాళ్ళ కింద ఉన్న దేశం. రేపు నా కూతుర్ని తీసుకుని అక్కడికి పోతే నేనెవర్ని అడగాలి?"

"పోనండీ."

"అందరూ అలాగే అంటారు."

బావను కూర్చోమన్నవాళ్ళు లేరు. అంతసేపూ నిలబడే ఉన్నాడు. చివరికి అక్కే లోపల్నుంచి పీట తెచ్చి దబ్బున అతని ముందు పడేసి, "కూర్చో. కాళ్ళు నొప్పెడుతున్నాయని చెప్పడం కూడా రాదా నీకు?" అంది. పెళ్ళి ఆ మాటతోనే ఖాయమైనట్టు లెక్క.

స్టేషను వీధిలో వెర్లిండెన్ అనే బెల్జియం దొరకు గుడ్డల కొట్టు ఉండేది. కింద కొట్టు, పైన ఇల్లు, ఆపైన డాబా మీద నీళ్ళ ట్యాంకు. ముందు వరండాలో బావ కుట్టుమిషను వేసుకున్నాడు. వరండాకు అద్దె కట్టేవాడు. లోపల గుడ్డ కొన్నవాళ్ళు బయట కొలతలిచ్చి పోయేవారు. కొన్నేళ్ళకు ఇంకో మిషను కొన్నాడు, ఆ తర్వాత మరొకటి. మూడూ తన సొమ్మే. వాటి మీద పనిచేయడానికి మా బస్తీ వాళ్ళనిద్దర్ని కూలికి పెట్టుకున్నాడు. వాళ్ళే వెనకాల అతన్ని "పరాయోడు" అనుకునేవారు. దొరా, దొరసానీ అతన్ని పేరుపెట్టి పిలిచేవారు కాదు. "న్యాసా" అనేవారు. "న్యాసా, ఈ అంచు మడిచిపెట్టు." "న్యాసా, కుక్కని కాస్త తిప్పుకురా." బావ కుక్కని కూడా తిప్పుకొచ్చేవాడు. సాయంత్రం ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే అక్క సంకటి గరిటె కుండలోకి విసిరికొట్టేది.

"నువ్వు అద్దె కడుతున్నావా, లేక నీకే వాళ్ళు జీతమిస్తున్నారా?"

"కుక్క మంచిదేలే."

"కుక్క మంచిదే. నేనడిగింది కుక్కని గురించి కాదు."

కటంగా కాంగో నుంచి విడిపోయి సొంత దేశమైందని ఇక్కడి పెద్దలు ప్రకటించాక ఊళ్ళోకి ఐక్యరాజ్యసమితి నీలిటోపీల సైన్యం దిగింది. రకరకాల దేశాల సిపాయిలు. మరుసటి ఏడు డిసెంబరు వానల్లో వాళ్ళకూ జెండార్ములనే కటంగా సిపాయిలకూ వీధివీధినా పోరు మొదలైంది. తెల్లవాళ్ళలో కొందరు జెండార్ముల పక్షాన తుపాకులు పట్టారు. వాళ్ళలో వెర్లిండెన్ దొర ఒకడు.

ఆ రోజు అక్క బావకు అన్నం తీసుకుని కొట్టుకు వెళ్ళింది. తిరిగి రావడానికి దారి మూసుకుపోయింది. బావ మిషన్లను ఒక్కొక్కటే మోసుకెళ్ళి పెరట్లో ఉన్న రేకుల గదిలో పెట్టాడు. ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. దొరా, అతని స్నేహితులిద్దరూ డాబా ఎక్కి నీళ్ళ ట్యాంకు వెనక బోర్లా పడుకుని స్టేషను దగ్గరున్న నీలిటోపీల వైపు కాల్చడం మొదలుపెట్టారు. మధ్యలో దొర పైనుంచి కేకేశాడు.

"న్యాసా! తాగడానికి నీళ్ళు పట్టుకురా!"

నీళ్ళ ట్యాంకు పక్కనే పడుకున్నవాడికి నీళ్ళు మోయడమేమిటని అక్క బావ చొక్కా పట్టుకుని లాగింది. అతను విడిపించుకుని కూజా తీసుకుని మెట్లెక్కాడు. తుపాకుల్ని, కింద పరుచుకున్న బొంతల్ని, ఖాళీ సీసాల్ని కళ్ళారా చూసి దిగి వచ్చాడు. ఆ తర్వాత కాసేపటికి ఎదుటివైపు నుంచి జవాబుగా గుండ్లు వచ్చాయి. ఒకటి డాబా మూలని ఎగరగొట్టింది. ఇంకొకటి పెరట్లో పడింది. రేకుల గది కూలి నిప్పంటుకుంది. మూడు మిషన్లూ, ఊళ్ళోవాళ్ళు పండక్కి కుట్టమని ఇచ్చిన గుడ్డలూ అందులోనే కాలిపోయాయి. బావకు వీపు కమిలింది. అక్క కుడిచేయి దూలం కింద నలిగిపోయింది.

దొరకు గీతైనా పడలేదు. అతను కిందికి దిగి, పెళ్ళాన్ని కారెక్కించి, రొడీషియా సరిహద్దు వైపు బయల్దేరాడు. బావ అక్కను భుజాన వేసుకుని కారుకు అడ్డంగా నిలబడ్డాడు. అతను ఎవరికైనా అడ్డం నిలబడ్డది అదే మొదటిసారి.

"ఆసుపత్రి దారిలోనే ఉంది దొరా. దింపేసి వెళ్ళండి."

"చోటు లేదు న్యాసా," అని దొరసాని అద్దం ఎత్తేసింది.

వెనక సీట్లో కుక్క ఉంది.

ఆసుపత్రిలో అక్క చేతిని మోచేతి కిందనుంచి తీసేశారు. రోకలి పట్టే చెయ్యి, నలుగురిలో వేలు చూపించి మాట్లాడే చెయ్యి. ఇంటిపని చేయడానికి నేను కటూబా బస్తీలో వాళ్ళింటికి చేరాను. మంచం మీదున్నప్పుడే అక్క బావను నిలదీసింది.

"నీళ్ళెందుకు మోశావయ్యా వాళ్ళకి?"

"దాహమేసిందన్నాడు."

"నాకూ దాహమేస్తోంది. నీ చేతిలో నీళ్ళు మాత్రం తాగను. చోలా, నువ్వు పొయ్యవే."

మరుసటి ఏడు వెర్లిండెన్ దొర బ్రస్సెల్స్‌లో గుండె ఆగి పోయాడని కబురొచ్చింది. అక్క ఆ కబురు చెప్పినవాడికి కల్లు పోసింది.

బావ అద్దె మిషను మీద పనిచేస్తూ అదే వరండాలో, పగిలిన డాబా కింద, మళ్ళీ కూర్చున్నాడు. పక్క వీధిలో రొట్టెల కొట్టు నడిపే గ్రీకు మనిషి కోస్మాస్ ఒకరోజు లాగు కుట్టించుకోవడానికి వచ్చి సంబరంగా చెప్పాడు.

"వింటున్నావా దర్జీ? యుద్ధంలో నష్టపోయిన విదేశీయులకి నీలిటోపీల వాళ్ళు పరిహారం ఇస్తారట. మా గ్రీకు ప్రభుత్వం మా తరఫున అడుగుతోంది. బెల్జియం వాళ్ళు ఇప్పటికే అడిగారు. నా పొయ్యిల గదికి డబ్బొస్తుంది."

"నేనూ విదేశీయుణ్ణేగా," అన్నాడు బావ.

కోస్మాస్ పగలబడి నవ్వాడు. "నువ్వా? నువ్వు నల్లవాడివి కదయ్యా!"

అందులో బావకు నవ్వవలసిందేమీ కనిపించలేదు. విదేశీయుల కార్డు లేదని పోలీసులు అతన్ని నెలకోసారైనా ఆపేవారు. కార్డుకు రుసుము, ఆలస్యమైతే జరిమానా, జరిమానా కట్టడానికి వెళితే కూర్చోబెట్టినందుకు లంచం. డబ్బు కట్టేటప్పుడు విదేశీయుడైనవాణ్ణి పుచ్చుకునేటప్పుడు ఎందుకు కాకపోతానని మరునాడే తెల్ల చొక్కా వేసుకుని, న్యాసాలాండ్‌ని ఏలిన బ్రిటిష్ వాళ్ళ కచేరీకి వెళ్ళాడు. అక్కతో పాటు నేనూ వెళ్ళాను.

గుమాస్తా అతని కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "నువ్వు మా పౌరుడివి కావు. మా రక్షణలో ఉన్న ప్రాంతం వాడివి."

"మరి రక్షణ?" అని అక్క ఖాళీ జాకెట్టు చేతిని ఎత్తి చూపించింది.

అతను చూపు తిప్పుకున్నాడు. "పైగా మొన్న జులైలో మీకు స్వాతంత్ర్యం వచ్చింది. ఇప్పుడు మీది మలావి. మీ ప్రభుత్వాన్నే అడగండి."

"ఆ ప్రభుత్వం ఎక్కడుందండీ?" అన్నాడు బావ.

"మలావిలో."

"ఇక్కడ?"

"ఇక్కడ లేదు."

నగర కచేరీలో ఇంకో గుమాస్తా అక్కను పైనుంచి కిందికి చూసి, "నువ్వు ఈ దేశం పిల్లవే. కానీ పరాయోణ్ణి చేసుకున్నావు. మొగుడిది ఏ దేశమైతే నీదీ అదే. పరిహారాలన్నీ దేశం అడిగితే దేశానికిచ్చేవి. మనిషి వచ్చి అడిగితే ఇచ్చేవి కావు. పక్కకి జరగండి, వెనక జనం ఉన్నారు," అన్నాడు.

దారిలో అక్క అంది: "మా నాన్న ఆ రోజు గుమ్మంలోంచే గెంటేసి ఉంటే ఇప్పుడు నా చేతికి ఒక దేశమైనా ఉండేది."

బావ జవాబివ్వలేదు. ఇవ్వకపోతే ఆమెకు ఇంకా మండుతుందని అతనికి తెలుసు. అయినా ఇవ్వలేదు.

ఆ ఆగస్టు చలిలో వెర్లిండెన్ దొరసాని తిరిగి వచ్చింది. నల్లగౌనులో, కారు బస్తీ మొదట్లోనే ఆపి, దుమ్ములోంచి మా ఇంటికి నడిచి వచ్చింది. వాకిట్లో ముక్కాలిపీట వేశాను. కూర్చోలేదు. తిన్నగా విషయంలోకి దిగింది.

"న్యాసా, ఇంటి నష్టానికి నేను పరిహారం అడిగాను. అధికారులు వచ్చారు. ఇంటి మీంచి ఎవరైనా తుపాకి కాల్చి ఉంటే పైసా ఇవ్వరట. అక్కడ కాల్పులేమీ జరగలేదని చూసినవాళ్ళెవరైనా చెప్పాలి. ఆరోజు అక్కడున్నది మీరిద్దరే."

"మేమూ ఉన్నామని తమరికి గుర్తుందే!" అంది అక్క.

దొరసాని ఆమె వైపు తిరగలేదు. "చెబితే నీకు కొత్త మిషను కొనిస్తాను. కాలితో తొక్కేది."

"దొరగారు కాల్చారండీ," అన్నాడు బావ నెమ్మదిగా.

"చనిపోయినవాడు ఏం చేస్తే ఎవరికేంటి? ఆలోచించుకో. గురువారం హోటలుకి రా." వాకిలి దాటుతూ ఆగి అక్క జాకెట్టు చేతిని చూసి, "దానికి నేను బాధ్యురాల్ని కాను," అని వెళ్ళిపోయింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా అక్క నోట వచ్చిన తిట్లు నేనిక్కడ రాయలేను. దాంతో ఆమె బావను వెళ్ళనివ్వదనే అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం ఎండుచేప ముక్కలు చేసుకుంటూ ఆమె అన్న మాట వేరు.

"చెప్పు. కాల్చలేదని చెప్పి మిషను పుచ్చుకో."

బావ తలెత్తాడు. "అబద్ధం కదే?"

"నిజం చెబితే నా చెయ్యి మొలుస్తుందా? ఆవిడకి డబ్బొచ్చినా రాకపోయినా నాకు ఒక్కటే. మిషనుకి అద్దె కట్టి కట్టి ఇంట్లో పిండి కూడా ఉండట్లేదు. వాళ్ళకి నీళ్ళు మోశావు, కుక్కని తిప్పావు, ఒక్క అబద్ధం మోయలేవా? ఈసారైనా మన ఇంటికి పనికొచ్చేది చెయ్యి."

బావ సరేనన్నాడు.

గురువారం ముగ్గురం వెళ్ళాం. హోటలు భోజనాల హాల్లో బల్లలు జరిపి అధికారులిద్దరు కూర్చున్నారు, వాళ్ళ మాటల్ని స్వాహిలీలోకి మార్చడానికి ఒక బడిపంతులు. అక్కనూ నన్నూ తలుపు దగ్గర బెంచీ మీద కూర్చోమన్నారు. దొరసాని ముందు కుర్చీలో ఉంది. బావను ఆమె పక్కన నిలబెట్టారు.

పెద్ద అధికారి ముందుగా నష్టమైన సామాన్ల జాబితా చదివాడు. పంతులు ఒక్కొక్కటే స్వాహిలీలో చెప్పాడు. డాబా, పియానో, అద్దాల బీరువా, గుడ్డల తానులు, కుట్టుమిషన్లు మూడు.

అప్పటిదాకా నేల చూపులు చూస్తున్న బావ తలెత్తాడు.

"ఏ మిషన్లండీ?"

"పెరటి గదిలో కాలిపోయినవి," అన్నాడు పంతులు.

"అవెవరివని రాశారు?"

"మదాం వెర్లిండెన్‌వి."

బావ దొరసాని వైపు తిరిగాడు. అతని మొహంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు. "దొరసానిగారూ, అవి మీవా?"

ఆమె పెదవులు కదలకుండా అంది: "నోర్ముయ్. బయటికెళ్ళాక మాట్లాడుకుందాం."

"అవి మీవా అని అడుగుతున్నా. మొదటిది రైల్వే గుమాస్తా దగ్గర పాతది కొన్నా. రెండోదాని కోసం రెండు వానాకాలాలు రాత్రీ పగలూ లాగులు కుట్టా. మూడోది కొన్ననాడు మీరు గుమ్మంలో నిలబడి, 'ఇంకో మిషనా న్యాసా, వరండా అద్దె పెంచాలి' అన్నారు. పెంచారు కూడా. మీ సొంత మిషన్లకి నా దగ్గర అద్దె పుచ్చుకున్నారా?"

పంతులు ఏది మార్చి చెప్పాలో తెలియక నీళ్ళు నమిలాడు. అధికారి బల్ల మీద పెన్నుతో కొట్టి, "అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పమను. ఆ ఇంటి మీంచి ఎవరైనా కాల్చారా?" అన్నాడు.

"కాల్చారు. దొర కాల్చాడు, అతనితో ఇంకో ఇద్దరు కాల్చారు. ట్యాంకు పక్కన బొంతలు పరుచుకుని పడుకుని కాల్చారు. వాళ్ళకి నీళ్ళు మోసింది నేనే."

దొరసాని లేచింది. "అబద్ధం! వీడు నా దగ్గర డబ్బు గుంజాలని చూస్తున్నాడు. మీ ఎదుటే చూశారుగా, నా మిషన్లు కూడా తనవంటున్నాడు."

"ఇంటికెళ్ళి డాబా ఎక్కి చూడమనండి," అన్నాడు బావ. "ట్యాంకు వెనక సిమెంటు నెర్రెల్లో ఖాళీ తూటాలు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. వాన పడితే చూరులోంచి నా గుడ్డల మీద రాలుతుంటాయి."

అధికారులిద్దరూ తమ భాషలో ఏదో అనుకున్నారు. పెద్దాయన బావను అడిగాడు. "నువ్వు ఏ దేశస్థుడివి?"

"ఇప్పుడు మలావి అంటున్నారండీ."

"నీ మిషన్ల గురించి మేమేమీ చేయలేం. ఇది ఈమె అర్జీ. నువ్వు సాక్షివి మాత్రమే. వెళ్ళవచ్చు."

అప్పుడు అక్క బెంచీ మీంచి లేచి బల్ల దాకా నడిచి వెళ్ళింది. జాకెట్టు చేయి పైకి మడిచి, మోచేతి కింద నున్నగా మిగిలిన మొండిని వాళ్ళ కాగితాల మీద ఆనించింది. చిన్న అధికారి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

"దీన్ని ఎక్కడ రాశారో చదవమనండి," అంది.

పంతులు తలవంచుకుని, "అమ్మా, ఇది మదాం కేసు," అన్నాడు.

హోటలు మెట్ల మీద దొరసాని మమ్మల్ని దాటుకుని పోతూ బావ ముందు ఆగింది. "మూర్ఖుడా. చేతికి వచ్చే మిషను పోగొట్టుకున్నావు. నా ఇల్లు కూడా పోగొట్టావు. ఇప్పుడేం మిగిలింది నీకు?" రేపటినుంచి తన వరండాలో కనిపించవద్దని కూడా అంది. బావ ఆమెకు దారిచ్చి పక్కకు నిలబడ్డాడు.

అక్క వీధి చివరిదాకా మా ముందు నడిచింది. పళ్ళ బండి దాటాక హఠాత్తుగా ఆగింది.

"మిషన్లు ఆవిడవనగానే నీకు నోరొచ్చింది."

బావ టోపీ సర్దుకున్నాడు.

"నా చెయ్యి పోయినప్పుడు రాలేదు. కారెళ్ళిపోయినప్పుడు రాలేదు. మొన్న మన వాకిట్లో దీనికి నేను బాధ్యురాల్ని కానన్నప్పుడు రాలేదు. ఇవాళ అంతసేపు మాట్లాడావు కదయ్యా, మొదటి మిషను, రెండో మిషను, మూడో మిషను. నా పేరు ఒక్కసారైనా ఎత్తావా?"

"వాళ్ళు అడగలేదే."

"మిషన్ల సంగతి కూడా వాళ్ళు అడగలేదు!"

జనం ఆగి చూస్తున్నారు. బావ కుట్టిన జాకెట్టే ఆ రోజు ఆమె వంటి మీద ఉంది, కుడిచేయి పొట్టిగా చేసి చివర మడిచి కుట్టింది. ఇంటికి రాగానే విప్పి వాకిట్లో పారేసి, నా జాకెట్టు అడిగి తీసుకుని వేసుకుంది. ఆ తర్వాత బావ కుట్టిన గుడ్డ ఆమె మళ్ళీ వంటికి తగలనివ్వలేదు. బజార్లో పాతబట్టల పోగుల్లో ఏరుకుని, వేలాడే చేతిని పిన్నీసుతో ఎత్తిపెట్టుకునేది. దర్జీ పెళ్ళాం పాతబట్టలు కడుతుందని బస్తీ అంతా నవ్వింది. నవ్వాలనే ఆమె కట్టింది.

దొరసానికి ఇంటి మీద పైసా రాలేదని కోస్మాస్ చెప్పాడు. ఆమె కొట్టును ఒక ఇటలీ వాడికి కారుచవకగా అమ్మి వెళ్ళిపోయింది. బావ వేరే వరండా కోసం ఆ వీధంతా తిరిగాడు. ఎవరూ రానివ్వలేదు. కోస్మాస్ అయితే దాపరికం లేకుండా చెప్పేశాడు.

"నీ మీద నాకు కోపం లేదయ్యా. కానీ మా డబ్బు ఇంకా రాలేదు. మా ఇళ్ళ మీద కూడా ఎవరెవరు ఎక్కారో నీకు తెలిసే ఉంటుంది. నోరున్న దర్జీ మాకొద్దు."

ఇక కటూబాలోనే, ఇంటి చూరు కింద కూర్చున్నాడు. అక్కడ ఇంకో రకం పీడ పట్టుకుంది. న్యాసావాడికి తెల్లవాళ్ళు పరిహారం ఇచ్చారని, పైకి బీదగా కనిపిస్తూ దాచుకున్నాడని పుకారు లేచింది. అప్పులకని వచ్చినవాళ్ళు లేదంటే తిట్టి పోయారు. కుట్టుకూలి ఎగ్గొట్టి, "నీకేం తక్కువ?" అన్నారు. మేం చర్చికి, బావ కుట్టిన గుడ్డలివ్వడానికి వెళ్ళినరోజు ఎవరో ఇంట్లో జొరబడి మంచం కింద నేలంతా తవ్విపోశారు. అక్క ఆ గుంట పక్కన నిలబడి వీధి మొత్తానికి వినిపించేలా అరిచింది.

"దొరికిందా? దొరికితే నాకూ చూపించండి! అంతుంటే ఈ పిరికిపందతో ఇంకా కాపురం చేస్తూ ఉంటానా?"

అయినా చేసింది. ఊరి పేరు లుబుంబాషి అయ్యింది, ప్రభుత్వాలు మారాయి, ఆమె వదిలి పోలేదు. వండింది నేను వడ్డిస్తే ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా తినేవారు. బావ కొన్నాళ్ళు కసాయ్ ప్రాంతం నుంచి వచ్చిన దర్జీ ఒకతని దగ్గర కూలికి కుట్టి, చివరికి చేత్తో తిప్పే పాత మిషను ఒకటి కొనుక్కున్నాడు. ఒకసారి నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఆ రోజు అక్క చేతి మాట ఎందుకు ఎత్తలేదు బావా?"

చేతిలో ఉన్న కాజా పూర్తిచేసి దారం కొరికాడు. "మిషన్లు నావి చోలా. నావని చెప్పడం నాకు తెలుసు. దాని చేతిని ఏమని చెప్పాలో తెలియలేదు. నీళ్ళు మోసింది నేనే కదా," అన్నాడు.

ఆ మాట అక్కతో చెప్పాను. "నాతో చెప్పమను," అంది. అతను చెప్పలేదు.

కొన్నేళ్ళకు వానాకాలం మొదట్లో దగ్గుతో మంచం పట్టి బావ పోయాడు. మసీదు వాళ్ళు వచ్చి స్నానం చేయించి తీసుకెళ్ళారు. ఆడవాళ్ళం ఇంటి దగ్గరే ఉన్నాం. అక్క ఏడవలేదు. ఏడిచే ఆడవాళ్ళని, "మీకేం బాకీ ఉన్నాడు?" అని కసిరింది.

వారం తిరగకుండా మిషను అమ్మకానికి పెట్టింది. రువాషి బస్తీ నుంచి వచ్చిన కుర్ర దర్జీ చక్రం తిప్పి చూసి పెదవి విరిచాడు.

"పాతది కదమ్మా. ఇంతకు మించి ఇవ్వలేను."

"పాతదైతే ముట్టుకోకు. తియ్యి చెయ్యి."

"కోపమెందుకమ్మా? ఇంకాస్త వేస్తాను."

"ఈ మిషను ఎవరిదో తెలుసా నీకు? బ్వనాలిది. నూనె పెట్టకుండా ఒక్క పూటైనా పొయ్యి దగ్గరికి రాలేదు ఆ మనిషి. పెళ్ళానికి చెయ్యని సేవ దీనికి చేశాడు. నేనడిగినంతా ఇచ్చి పట్టుకుపో, లేదా గేటు అటుంది."

అతను అడిగినంతా ఇచ్చాడు. ఆమె నోట్లను ఎడమచేత్తో బొడ్లో దోపుకుని, మిషను తోపుడుబండి ఎక్కించేదాకా దగ్గరుండి, "తిన్నగా తొయ్యి, గుంటల్లో పడేస్తావు!" అని వాడిని వీధి చివరిదాకా తిడుతూనే ఉంది.